సగమైన సబ్బు

“ఛీ! ఆ జడలోడు వండిన పొయ్యి మీద నేను వండుకోవాల్నా?” దోహా లేబర్ క్యాంపు వంటగదిలో నర్సింగ్ పొయ్యిని సబ్బు పెట్టి తోముతున్నాడు. వండడానికి కడిగిపెట్టుకున్న మటన్ పక్కనే గిన్నెలో ఉంది.

“ఆయనది గయానా దేశం, భాయ్. రాస్తా మతం. వాళ్లు జుట్టు కత్తిరించరు, మాంసం ముట్టరు,” అన్నాడు రఫీయుద్దీన్.

“ఆ జడలు జూస్తేనే నాకు కడుపుల దేవుతది. పేలు రాలి కూరల పడ్తయ్. మొన్న పెట్టిన సబ్బు అప్పుడే సగమైంది. వాడే ఒళ్లు రుద్దుకుంటున్నడు!”

“ఒళ్లు కాదు, పొయ్యి రుద్దుతడు. రోజూ.”

“ఎందుకు?”

“నువ్వు వండిపోయినంక ఆయనకు గూడ కడుపుల దేవుతదంట. పీనుగు వాసన వస్తదంట.”

తోముతున్న చెయ్యి ఆగిపోయింది.

నురగ కారుతున్న ఆ చేతిని నర్సింగ్ మెల్లగా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.