నాలుగో క్యాసెట్

"ఈ కుంచెలతోనా? నేనేమన్నా గోడకి సున్నం కొడుతున్నానా?"

కర్రలకి బదులు మెత్తగా వాయించడానికి ఇచ్చిన తీగల కుంచెల్ని సాంబశివరావు డ్రమ్ము మీద పడేసి లేచి నిలబడ్డాడు. తెనాలిలో ఆ రికార్డింగు గదికి కిటికీల్లేవు. చప్పుడు టేపులోకి ఎక్కుతుందని ఫ్యాను కూడా ఆపేశారు. చొక్కాలు తడిసి వీపులకి అంటుకుపోతున్నాయి.

"పాట అలాంటిది సాంబా. నువ్వు మెల్లగా వాయిస్తేనే మాట వినబడుతుంది" అన్నాడు ప్రభుదాస్.

పాటలు రాసేదీ పాడేదీ ప్రభుదాసే. బాపట్లలో పదిహేనేళ్ళ కిందట అతను పెట్టిన రాక్ బ్యాండు 'గర్జన'. కాలేజీ వార్షికోత్సవమైనా, క్రిస్మస్ కచేరీ అయినా ముందు వరస జనం చెవుల్లో దూది పెట్టుకుని కూర్చోవాల్సిందే. ఇప్పటికి వచ్చిన మూడు క్యాసెట్లూ అదే మోత. ఈ నాలుగోదానికి 'నెమ్మది' అని పేరు పెట్టాడు. ఇందులో అరుపుల్లేవు. నడివయసు మనిషి అరుగు మీద కూర్చుని ఎదుటివాడితో మనసు విప్పి మాట్లాడినట్టుంటాయి పాటలు.

"గర్జన అని పేరు పెట్టుకుని జోలపాట పాడితే జనం నవ్వరా?"

"మనకి నలభై దాటాయి కదయ్యా."

"మనకి దాటాయి. వినేవాళ్ళకి దాటలేదుగా!"

మళ్ళీ పాత మోతే కావాలంటే ప్రభుదాస్ ఇక పాడడు. గొంతులో బలం తగ్గి కాదు. అరిచి చెప్పాల్సిన సంగతులు అతని దగ్గర అయిపోయాయి. ఆ మాట సాంబశివరావుకి ఎలా చెప్పాలో తెలియక గిటారు తీగలు సవరిస్తూ కూర్చున్నాడు.

బాస్ గిటారు వాయించే ఎజ్రా ఇద్దరి మధ్యకీ వచ్చాడు. "మీలో మీరు కొట్టుకుని లాభం లేదు. సుగుణమ్మగారిని అడుగుదాం."

ఆ పేరు వినగానే ఇద్దరూ చల్లబడ్డారు.

సుగుణమ్మ రేపల్లె టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరు. యాభైకి దగ్గరపడ్డ మనిషి. గర్జన కచేరీ తెనాలిలో ఉన్నా, బాపట్లలో ఉన్నా, బస్సో రైలో పట్టుకుని వచ్చేస్తుంది. జనమంతా దూరంగా జరిగే పెద్ద స్పీకరు పెట్టె పక్కనే కుర్చీ వేయించుకుంటుంది. కొంగు తల మీద నుంచి ముఖం మీదికి లాక్కుని, చివరి పాట దాకా తల వంచుకుని కూర్చుంటుంది. తమ పాటని అంత భక్తిగా వినే మనిషిని వాళ్ళు ఇంకెవరినీ చూడలేదు.

"ఆవిడ కాదంటే అన్నీ మళ్ళీ మోతగా వాయించాలి" అన్నాడు సాంబశివరావు.

"ఔనంటే నువ్వు కుంచెలు పట్టాలి" అన్నాడు ప్రభుదాస్.

అప్పటికి పూర్తయిన మూడు పాటలూ ఒక క్యాసెట్లోకి ఎక్కించుకుని, ఆదివారం ముగ్గురూ రేపల్లె పాసింజరు ఎక్కారు.

వీళ్ళు వెళ్ళేసరికి సుగుణమ్మ చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, బైబిలు ఇంకా చేతిలోనే ఉంది. ఆమె భర్త కృపారావు మాస్టారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు.

"రండి నాయనా! మీ కచేరీ అంటే మీ అక్కయ్యకి అన్నం కూడా అక్కర్లేదు. ఆ మోతలో ఏముందో నాకైతే ఇప్పటికీ అర్థం కాలేదు" అని నవ్వాడాయన.

వచ్చిన పని చెప్పి, ఎజ్రా టేప్‌రికార్డరులో క్యాసెట్ పెట్టాడు. మొదటి పాట సగంలోనే మాస్టారి వేళ్ళు కుర్చీ చెయ్యి మీద తాళం వేయడం మొదలుపెట్టాయి. రెండో పాటకి కళ్ళు మూసుకున్నాడు. ప్రభుదాస్ మాత్రం సుగుణమ్మనే చూస్తున్నాడు. ఆమె గుమ్మానికి ఆనుకుని, కదలకుండా వింటోంది.

మూడో పాట అయిపోయింది.

"దాసూ! ఇన్నాళ్ళకి మనిషి చెవికి పట్టే పాట పాడావయ్యా" అన్నాడు మాస్టారు.

"మీ మాట కాదండి మాస్టారూ, అక్కయ్యగారు చెప్పాలి" అన్నాడు సాంబశివరావు.

"బాగుంది. ప్రతి మాటా వినబడింది" అంది సుగుణమ్మ.

సాంబశివరావు నవ్వేశాడు. "ఏం చేస్తాం! రేపట్నుంచి సున్నం కొడతాలెండి."

టీలు తాగి లేచారు. ఎజ్రా, సాంబశివరావు రిక్షా కోసం ముందు నడిచారు. ప్రభుదాస్‌కి ఒళ్ళంతా తేలికగా ఉంది. గేటు దాకా సుగుణమ్మ కూడా వచ్చింది.

"ఇక కచేరీల్లో కూడా ఇలాగే పాడతారా తమ్ముడూ?"

"ఇలాగే అక్కా. ఆ పెద్ద స్పీకర్లు కూడా ఇచ్చేద్దామనుకుంటున్నాం. వాటితో ఇక పనేముంది?"

ఆమె గేటు గడియ పట్టుకుని అలాగే ఉండిపోయింది. "ఒక్క పాటైనా పాతది ఉంచు."

ప్రభుదాస్ మనసు చివుక్కుమంది. "కొత్తవి నచ్చలేదా అక్కా? లోపల మొహమాటానికి అన్నావా?"

"నచ్చకేం" అని, ఆమె ఒకసారి వెనక్కి, వరండా వైపు చూసి, గొంతు బాగా తగ్గించింది.

"మా అబ్బాయి పోయిన దగ్గర్నుంచీ ఇంట్లో కంట తడి పెట్టలేదు తమ్ముడూ, ఆయన గుండె తట్టుకోదని. ఆ స్పీకరు పెట్టె పక్కన కూర్చుంటే, ఎంత గొంతెత్తి ఏడ్చినా ఎవరికీ వినబడేది కాదు."