రోగులు లేని ఇల్లు

పరిశోధన ఆఫీసరు చొక్కా పట్టుకుని గోడకేసి కొట్టాను. రెండో దెబ్బకి ఆయన పెదవి చిట్లి, రక్తం నా మణికట్టు మీద పడింది.

"మందు కనిపెట్టే పని మధ్యలో ఆపేస్తావా? మా తమ్ముడు తొమ్మిదేళ్ళుగా నరాల జబ్బుతో నడవలేకుండా ఉన్నాడు. వాడికోసం రెండు గోదాములు అమ్ముకున్నాను. సర్కారు సొమ్ము నీ అబ్బదా?"

"అన్నయ్యా, వదిలెయ్," అన్నాడు చక్రాల కుర్చీలోంచి తమ్ముడు.

వినలేదు. మెత్తబడితే బేరం పోతుందని ఇనుప కొట్టులో నేర్చుకున్నవాణ్ణి. మూడో దెబ్బకి ఆయన పన్ను ఊడింది.

"జనానికి ఎక్కువ నష్టం తెచ్చే జబ్బుకే సర్కారు డబ్బిస్తుంది సార్," అన్నాడాయన రొప్పుతూ. "ఇంటింటికీ తిరిగి అడిగాం. ఊరు మొత్తానికి పదకొండు మందే తేలారు."

"అబద్ధం! మా వీధిలోనే నలుగురున్నారు."

ఆయన వీధి పేరు, మా ఇంటి నంబరు అడిగాడు. బీరువాలోంచి ఓ కట్ట తీసి, వెతికి, ఒక కాగితం నా చేతిలో పెట్టాడు.

'ఇంట్లో రోగులు లేరు. నష్టం సున్నా.' కింద నా సంతకం.

నిజమే. ఇంట్లో తీరని రోగం ఉందంటే బజారులో సరుకు అరువు పుట్టదని, అడగడానికి వచ్చినవాళ్ళను ఆ రోజు గుమ్మంలోంచే పంపేశాను.

చక్రాల కుర్చీ వైపు తిరిగాను.

"ఒరేయ్ తమ్ముడూ, కొట్టు నిలబడాలని..."

"తెలుసన్నయ్యా. అప్పుడు పక్క గదిలోనే ఉన్నానుగా," అన్నాడు వాడు. "నా మూలుగు వాళ్ళకి వినపడకూడదని నోట్లో దుప్పటి కుక్కుకున్నాను."