మిల్లు మీది ఆంటెనా

కామారెడ్డి బస్సు దిగి మల్లయ్య సేటు ఇంటివైపు వస్తున్న మనిషిని చూడగానే సిద్ధిరాములు కడుపులో మంట మొదలైంది.

యాభై ఏళ్లుంటాయి. చేతిలో బియ్యం సంచి. అందులోంచి మూకుళ్ల లాంటి ఆంటెనాలు రెండు తొంగి చూస్తున్నాయి.

పేరు జహూర్ అన్నాడు.

ఎల్లారెడ్డిలో నెట్ పని అంటే అప్పటిదాకా సిద్ధిరాములే. బస్టాండు దగ్గర చిన్న జిరాక్స్ షాపు. మూడేళ్లుగా ఎవరింట్లో నెట్ ఆగినా అతనికే కబురు. ఎవరూ నేర్పకుండానే అన్నీ వచ్చినోడని ఊరు మెచ్చుకునేది. అతను కాదనేవాడు కాదు.

నిజానికి నేర్పిన మనిషి ఉన్నాడు. ఒక తెలుగు బ్లాగులో ‘పాత రేడియో’ అనే పేరుతో కంప్యూటర్ సందేహాలకు జవాబులు రాసే ఎవరో. సిద్ధిరాములు మారుపేరుతో అడిగేవాడు. ఆయన చెప్పినట్టు చేసేవాడు. పేరు తాను తెచ్చుకునేవాడు.

సేటు పని ఒక్కటి మాత్రం ఎవరినీ అడక్కుండా చేసి చూపాలనుకున్నాడు.

సేటు ఇంట్లో నెట్ ఉంది. రోడ్డుకు అవతల, రెండు వందల గజాల దూరంలో రైసుమిల్లు. ఇంటి నెట్ మిల్లు ఆఫీసులోనూ రావాలి. సిద్ధిరాములు కిటికీలో సిగ్నల్ పెంచే డబ్బా ఒకటి పెట్టాడు, పిట్టగోడ మీద ఇంకోటి పెట్టాడు. మిల్లు రేకుల దాకా వచ్చేసరికి సిగ్నల్ చచ్చేది. రెండు నెలలు తిరిగి, ఇది కాని పని అని తేల్చాడు.

జహూర్ ఇంటిమీద ఒక ఆంటెనా, మిల్లుమీద ఒకటి బిగించి, రెండింటి మూతులూ ఎదురెదురుగా తిప్పాడు. మధ్యాహ్నానికి మిల్లు కంప్యూటర్లో నెట్ వచ్చింది.

సేటు అతనికి తన పక్కనే కుర్చీ వేయించి చాయ్ ఇప్పించాడు. సిద్ధిరాములును నిలబెట్టే మాట్లాడాడు.

"రెండు నెల్లు తిప్పినవ్ గదరా. గీయన ఒక్క పూటల జేసిండు."

బియ్యం చెరిగే భూమక్క చేట ఆపింది.

"ఇగ నువ్వు జిరాక్సులే తీస్కో రాములూ."

హమాలీలు నవ్వారు. ఆ నవ్వు సిద్ధిరాములు ఒంటిమీద కారం చల్లినట్టయింది.

జహూర్ నమాజుకని బయల్దేరాడు. సేటు ఇంటికి, భూమక్కా హమాలీలూ లారీ దగ్గరికి వెళ్లారు. సిద్ధిరాములు మిల్లుమీదికి నిచ్చెనెక్కి, నట్టు వదులు చేసి, ఆంటెనా మూతిని కాస్త పైకి తిప్పి దిగాడు.

జహూర్ తిరిగి వచ్చేసరికి సేటు మండిపడుతున్నాడు. పెట్టిన పూటే పోయే నెట్ ఎవడిక్కావాలని అడిగాడు.

జహూర్ తలెత్తి మిల్లు పైకప్పు చూశాడు.

"గాలికి కదిలింది సేటు. నా బిగింపే సరిగ లేదు."

"మరి ఎక్కి సర్దు."

"గాలి రోజూ వస్తది. ప్రతిసారి కామారెడ్డి నుంచి నేనేడ రావాలె? ఈ తమ్మికి అప్పజెప్పుండ్రి. ఊర్ల మనిషి, అందుకుంటడు."

పానా తీసి సిద్ధిరాములు చేతిలో పెట్టి, నాలుగు గంటల బస్సెక్కి వెళ్లిపోయాడు.

సిద్ధిరాములు లోలోపల నవ్వుకున్నాడు. ఇంత మొనగాడికి గాలికీ మనిషికీ తేడా తెలియలేదు.

కానీ చెడగొట్టినంత తేలిగ్గా కుదర్చడం రాలేదు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. రెండు రోజులు ఎండలో రేకుల మీద కాళ్లు కాలాయే గాని సిగ్నల్ అందలేదు. రేపటికల్లా రాకపోతే కామారెడ్డి ఆయన్నే మళ్లీ పిలుస్తానన్నాడు సేటు. అదే జరిగితే ఊళ్లో తన పేరు అంతటితో సరి.

సిద్ధిరాములు పంతం పక్కనపెట్టి, షాపులో కూర్చుని పాత రేడియోకు రాశాడు. రేకుల మిల్లు, రోడ్డుకు అవతల ఇల్లు, ఎదురెదురుగా రెండు ఆంటెనాలు, మిల్లుమీదిది గాలికి కదిలింది. ఊరి పేరు మాత్రం రాయలేదు.

మర్నాడు పొద్దున షాపు తెరిచేసరికి జవాబు వచ్చి ఉంది.

"మూతిని రెండు వేళ్ల మందం కిందికి దించు తమ్మీ, నువ్వు పైకి తిప్పుతుంటే నేను కింద నిలబడి చూసిన."