బతికిన మొక్కలు

"గుంత ఇంకో జానెడు తియ్యాలె, అవ్వా. ఇది టేకు మొక్క, మిరప నారు కాదు" అన్నాడు చిరంజీవి. మొక్కలు నాటించే పనికి అతనే సూపర్‌వైజర్.

తుల్సీబాయి గడ్డపార ఎత్తింది. ముప్పై ఏళ్లు ఆమె మక్కలు, జొన్నలు పండించిన మూడెకరాలు అవి. పట్టా లేదు. ఎండాకాలంలో సర్కారోళ్లు వచ్చి కంచె వేశారు. ఇప్పుడు ఆ చేనులోనే ఆమె కూలి.

"నీ చేన్ల నువ్వే చెట్లు పెడుతున్నవ్, సిగ్గెట్ల లేదక్కా?" కంచె అవతలి నుంచి పక్కింటి సోని అరిచింది.

మధ్యాహ్నం అటవీశాఖ పెద్దసారు కారులో వచ్చాడు.

"భూపాలపల్లిలో బొగ్గు కోసం అడవి కొట్టాం. దానికి బదులు ఇక్కడ అడవి పెంచుతున్నాం. భూమి వేడెక్కుతోంది. ఈ చెట్లు ఆ బొగ్గు పొగను పీల్చేస్తాయి. దేశం కోసం మీ త్యాగం ఇది!"

"మా తండాకు కరెంటే రాలె సారూ. పొగ ఎవలిదో, భూమి మాదా?" అడిగింది తుల్సీబాయి.

ఆయన నవ్వి, ఫొటో దిగి వెళ్లిపోయాడు.

"మాఘంల హైదరాబాద్ నుంచి తనిఖీకి వస్తరు" అన్నాడు చిరంజీవి. "సగం మొక్కలన్న బతకాలె. లేకుంటె గీ జాగ రద్దు చేసి ఇంకోటి సూస్తరు. జర మంచిగ నాటు, అవ్వా."

ఆ రోజు నుంచి పనికి అందరికంటే ముందు వచ్చేది తుల్సీబాయే. చిరంజీవి మురిసిపోయి నాటే పనంతా ఆమెకే అప్పగించాడు. గుంతలో పెట్టేముందు ప్రతి మొక్క తల్లివేరునూ ఆమె గోటితో తుంచేసేది. పుట్టి బుద్ధెరిగి పచ్చని మొక్కను చంపిన మనిషి కాదు. "తప్పయింది, తల్లీ" అని ఒక్కోదానికీ మొక్కుకునేది.

కొడుకు టీక్యాకు కూడా ఈ సంగతి చెప్పలేదు. అతను హైదరాబాద్ దారిలోని జనగామలో పత్తి మిల్లులో పనిచేస్తూ తెలంగాణ ఉద్యమంలో తిరుగుతున్నాడు. దసరాకు వచ్చినప్పుడు, "రాష్ట్రమొస్తె మన భూమి మనకే, యాడీ" అన్నాడు.

"గందాక నేను ఆగలేను, బిడ్డా" అంది తల్లి.

సంక్రాంతి దాటేసరికి మొక్కలన్నీ పుల్లలయ్యాయి. సోని ఒక పుల్లను పీకి, వేరు చూసి, తుల్సీబాయి ముఖం చూసింది.

"అక్కా, విత్తనం మక్కలు నేనిస్త" అంది మెల్లగా.

తనిఖీ రోజు ఇద్దరూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కంచె దగ్గర కూర్చున్నారు. ఎవరూ రాలేదు.

మర్నాడు ఇద్దరూ కంచె దగ్గరే ఉండగా చిరంజీవి పరుగున వచ్చాడు.

"బతికిపోయినం అవ్వా! జీపును తొవ్వల్నే ఆపిండ్రట. సార్లు ఆడనే కూసొని రిపోర్టు రాసిండ్రు. తొంభై శాతం మొక్కలు బతికినయట! ఇగ ఫైలు బందు. మల్ల ఎవ్వరు రారు."

"పుల్లలు కండ్ల ముంగట్నే ఉన్నయి గద, బిడ్డా?"

"సూసేటోడెవడు?"

తుల్సీబాయి ఎండిన చేనువైపు తిరిగింది. సోని ఆమె భుజం పట్టుకుంది. అప్పుడే బస్సు దిగి టీక్యా వచ్చాడు. నినాదాలిచ్చి గొంతు పోయింది, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"నిన్న జనగామల ఒక్క సర్కారు జీపును గూడ దాటనియ్యలే, యాడీ!"