పెద్ద పటేలు పిస్తోలు

1959 నవంబరు 11, బుధవారం, ఉదయం తొమ్మిది గంటలకు చనిపోయిన తన అన్న పెద్ద పటేలు రివాల్వర్‌ను చిన్న పటేలు అమ్మకానికి బయటపెట్టాడు. ఊరు హాలియాకు మూడు మైళ్లు. కొనవచ్చినవాడు కాటమయ్య, డ్యాముకు రాయి తోలే కంట్రాక్టరు. సరుకు చూడడానికి నల్లగొండ నుంచి గుర్వయ్యను వెంటబెట్టుకొచ్చాడు. తుపాకులు బాగుచేయడం గుర్వయ్య పని.

పటేలు గుడ్డ మూట విప్పి అరుగు మీద పెట్టాడు. గుర్వయ్య రివాల్వర్‌ను చేతిలోకి తీసుకుని వెంటనే కింద పెట్టేశాడు. వేళ్లకు జిడ్డు అంటింది. వాసన చూశాడు. ముక్కిపోయిన నెయ్యి.

"ఛీ! గిది పిస్తోలా, దీపం కుందెనా పటేలా?"

"దేవుని కాడ పెట్టే సామాను. జర నోరు సూస్కొని మాట్లాడు."

గుర్వయ్య గోనెపట్టా పరిచి కూర్చున్నాడు. గుండ్లు పెట్టే చక్రం తెరిచాడు. ఆరు గదులూ ఖాళీ. చెవి దగ్గర ఊపితే చక్రం గలగలమంది. సందులోంచి చచ్చిన చీమలు రాలాయి. పిడి పగిలితే ఇనప తీగ చుట్టి ఉంది. బిగించిన మరల తలలు అరిగిపోయి గుండ్రంగా ఉన్నాయి.

"గీ మరలు ఎవడు తిప్పిండు? కొడవలితోనా?"

"ఇంట్లనే తిప్పుకున్నం."

"తెలుస్తనే ఉంది. చేసినోడు మంచిగనే చేసిండు. ఉంచుకున్నోళ్లే ఖరాబ్ చేసిండ్రు."

కాటమయ్య చీమలను చూసి మొహం తిప్పుకున్నాడు. "పటేలా, అసలు గిది పేలుతదా?"

పటేలు నవ్వాడు. "పేలుతదా అని నన్నే అడుగుతవా? పోయినేడు శ్రావణంల మా అన్న దీంతోనే కాల్చుకున్నడు. తలకాయకు ఒక్కటే గుండు. రెండోది కావాలని అడగలే. ఊరి పోలీసు పటేలును గద, పంచనామా నేనే రాసిన."

కాటమయ్య తల దించుకున్నాడు. గుర్వయ్య లేచి అరుగు అంచుకు పోయి ఉమ్మి వచ్చాడు. ముప్పై ఏళ్లుగా ఆయన తుపాకుల బేరాలు చూస్తున్నాడు. అన్న చావును చూపించి సరుకు మెచ్చుకున్నవాడు ఇంతవరకు తగల్లేదు.

తలుపు దగ్గర ఒక ఆడమనిషి రేకు పెట్టె పట్టుకుని నిలబడి ఉంది. పెద్ద పటేలు భార్య, సుగుణమ్మ.

"గీమె నోటికి తాళలేకనే మా అన్న పానం తీస్కున్నడు," అన్నాడు పటేలు. "ఊరంత ఎరికే. పదిగంటల బస్సుకు తల్లిగారింటికి తోలుతున్న. మొగని పానం తీసినదానికి భూమేంది, జాగేంది?"

"నేను ఆయన్ని ఒక్క మాట అనలే," అంది సుగుణమ్మ. "ఆ పొద్దుగాల సల్ల పోసిచ్చిన. తాగి చెల్కకాడికి పోయిండు. గంతే. ఏడాది సంది గదే చెప్తున్న, ఇనేటోళ్లు లేరు."

"బస్సొచ్చే యాళ్లయింది ఒదినె, నువ్వింక నడువు."

ఆమె కదల్లేదు. గుర్వయ్య గొట్టాన్ని ఎండకు పెట్టి చూశాడు. వెలుతురు ఇవతలికి రాలేదు.

"గొట్టంల ఏమున్నది?"

"పసుపు కుంకుమ. దసరాకు ఆయుధం నోట్ల పసుపేసి, మీద కుంకుమేసి, నెయ్యి పోసి మెత్తుతం. ఏసినంక తియ్యొద్దు. తీస్తే ఇంటికి అరిష్టం. మా నాయిన పోయిన కాడ్నుంచి ఏనాడు తప్పలే."

"ఎవరేస్తరు?"

"ఇంటికి పెద్దోడు. మా అన్న ఐదు దసరాలు ఏసిండు. ఆయన పోయినంక రెండు నేనేసిన."

"నడుమ ఎవరన్న కడిగిండ్రా?"

"నీకు చెవుడా ఏంది? తియ్యొద్దని చెప్తి గద!"

గుర్వయ్య ఇత్తడి కడ్డీ వెనకనుంచి దూర్చి చెక్కసుత్తితో నాలుగు దెబ్బలు కొట్టాడు. చిటికెన వేలంత ముద్ద గోనెపట్టా మీద పడింది. గట్టిపడి రాయిలా ఉంది. దానికి అంటుకుని తుప్పు వచ్చింది, మళ్లీ చీమలు వచ్చాయి. కాటమయ్య ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

గుర్వయ్య ముద్దను కత్తితో నిలువునా చీల్చాడు. పసుపు, ఎరుపు. పసుపు, ఎరుపు. గోటితో ఒక్కో పొర లెక్కపెట్టాడు. చివరిదాకా పోయి మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

"ఏంది ఉస్తాద్, నువ్వు గూడ పూజ మొదలువెట్టినవా?" అన్నాడు కాటమయ్య.

"కాయితం ఇయ్యి."

సరుకు ఎలా ఉందో రాసివ్వాలని కాటమయ్య ముందే అడిగి ఉన్నాడు. కాగితం, పెన్సిలు ఇచ్చాడు. గుర్వయ్య మోకాలి మీద పెట్టుకుని రాశాడు. తారీకు వేశాడు. సంతకం చేసి కాటమయ్యకు ఇచ్చాడు. తర్వాత చేతులు బూడిదతో తోముకుని చెంబు నీళ్లతో కడుక్కున్నాడు.

"గట్టిగ చదువు కాటమయ్యా," అన్నాడు పటేలు. "పేలుతదో లేదో అందరు ఇననీ."

కాటమయ్య చదివాడు. "మరలు చెడినవి. పిడి పగిలినది. చక్రం వదులు. గొట్టంలో పసుపు పొరలు ఏడు. పైవి రెండు చిన్న పటేలు వేసినవి. కిందివి ఐదు చనిపోయిన పెద్ద పటేలు వేసినవి."

అక్కడ ఆగాడు. పటేలు వైపు చూశాడు.

సుగుణమ్మ రేకు పెట్టె కింద పెట్టింది. "చదువయ్యా," అంది.

"ఆ ఐదూ చెక్కుచెదరలేదు. మొదటి పొర వేసిన దసరా నుంచి ఈ రోజు వరకు ఈ రివాల్వర్‌లోంచి ఒక్క గుండు కూడా బయటికి పోలేదు."