నాలుగో డబ్బా

వంటింటి తలుపు సందులోంచి ఇనాయత్ ఊపిరి బిగబట్టి చూస్తోంది. హాల్లో షుక్రీ ఆరు రేకు డబ్బాలను నేల మీద వరుసగా పెట్టి, ఒక్కొక్కదాని మూత తీసి మూస్తున్నాడు. నాలుగోదాని దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు వంగి ఉన్నాడు.

నాలుగు, అనుకుంది మనసులో. పొంగబోతున్న కాఫీని పొయ్యి మీంచి దించింది.

కుక్కలకు తర్ఫీదిచ్చే కేంద్రం నుంచి షుక్రీ ఏటా ఒకసారి అలెగ్జాండ్రియా వచ్చి ఆమె కుక్క ఫుస్తుక్‌ను పరీక్షిస్తాడు. ఇనాయత్ రక్తంలో చక్కెర పడిపోయినప్పటి చెమటను దూదికి అద్ది కేంద్రంలో భద్రం చేశారు. ఆ దూదిని ఒక డబ్బాలో దాస్తారు. మూత చిల్లుల్లోంచి వాసన పసిగట్టి ఫుస్తుక్ అక్కడ కూర్చోవాలి. తప్పితే దాన్ని వెనక్కి తీసుకుపోయి పడుచు కుక్కను ఇస్తారు. అది నియమం.

పదకొండో ఏట పట్టుకున్న చక్కెర జబ్బు ఆమెది. చక్కెర పడిపోతున్నా ఒంటికి తెలియడం ఎప్పుడో మానేసింది. తొమ్మిదేళ్లుగా ఆమెకు బదులు ఫుస్తుక్‌కు తెలిసేది. బడిలో భూగోళం పాఠం చెబుతుంటే చొక్కా చెయ్యి పట్టి లాగేది. ట్రామెక్కబోతే అడ్డం నిలబడేది. పళ్లరసం తాగేదాకా కదలనిచ్చేది కాదు. మెట్ల మీద కుక్క ఎదురైతే బట్టలు దులుపుకునే పక్కింటి హాజీగారే, ఒకరోజు అది తలుపు గీరుతుంటే వచ్చి, తూలుతున్న ఆమె చేత తేనె తాగించాడు.

మొన్నటి చలికాలం జ్వరం తగిలి ఫుస్తుక్ ముక్కు పోయింది. ఎదురుగా కాలేయం ముక్క పెట్టినా కంటితో చూస్తేగానీ తెలియడం లేదు. ఇప్పుడు ఇనాయత్ భుజానికి అతికించుకున్న బిళ్ళ, చక్కెర పడగానే ఫోనులో మోగుతోంది. ఆమె ప్రాణానికి భయం లేదు. ఉన్న భయమల్లా ఫుస్తుక్ గురించే.

అందుకే నెల రోజులు కూర్చుని దానికి ఒక్క పని నేర్పింది. తను దగ్గగానే అది కూర్చోవాలి. ముప్పై అయిదేళ్లు పిల్లల కాపీలు పట్టుకున్న మనిషి, అరవై రెండో ఏట తనే కాపీకి దిగింది.

"రండి టీచరమ్మా, మొదలెడదాం," అని పిలిచాడు షుక్రీ.

ఫుస్తుక్ బరువుగా నడిచింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో డబ్బా రాగానే ఇనాయత్ దగ్గింది. అది వినిపించుకోకుండా ఒక అడుగు ముందుకు వేసింది. ఈసారి గట్టిగా దగ్గింది. ఫుస్తుక్ ఆగి, వెనక్కి వచ్చి, నాలుగోదాని పక్కన కూర్చుంది.

షుక్రీ కుక్కను చూశాడు. ఆమెను చూశాడు.

"గొంతు బాగాలేదా?"

"సముద్రపు గాలి నాయనా. ఈ ఊళ్లో ఎవరి గొంతు బాగుంటుంది?"

అతను కాగితం మీద సంతకం చేశాడు. ఇంకో ఏడాది. కాఫీ తాగుతూ బిళ్ళ సరిగ్గా మోగుతోందా అని ఆరా తీసి, ఫోను తెప్పించుకుని చూశాడు. ఫుస్తుక్ చెవులు చాలాసేపు నిమిరాడు. కూనగా ఉన్నప్పుడు సీసాతో పాలు పట్టి పెంచింది అతనే. అది చూస్తుంటే ఇనాయత్‌కు సిగ్గేసింది.

"షుక్రీ, నీతో ఒక మాట చెప్పాలి."

"కాఫీ చల్లారిపోతోంది టీచరమ్మా, తాగండి."

రైలుకు వేళైందని లేచాడు. డబ్బాలు ఇక్కడే ఉండనివ్వండి, ఏటా మోసుకు రాలేను అని, వాటి మూతలైనా ముట్టకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

దూది తీసి పారేద్దామని ఇనాయత్ నాలుగో డబ్బా తెరిచింది. అందులో లేదు. లెక్క తప్పానేమో అనుకుని, మిగతావి కూడా ఒక్కొక్కటే తెరిచి చూసింది.

ఆరూ ఖాళీ.