నాలుగు లెక్కపెట్టేలోపు

"సాయంత్రం ఐదింటికి మాస్టారు వస్తారు. గిటార్ ఆయన సంగీతం బడికి ఇచ్చేస్తున్నాను" అంది భార్య గుమ్మంలో నిలబడి.

బల్ల దగ్గర ఎనిమిదో కాయిల్ విప్పుతున్న ఫ్యాన్ల మెకానిక్ తలెత్తలేదు. "ఇంకొక్క కాయిల్ చుట్టనీ. ఆ తర్వాత నీ ఇష్టం."

"నెల రోజుల్నుంచీ ఇదే మాట! నా గిటార్‌ని కోసి పడుకోబెట్టారు. ఏం చేస్తున్నారో చెప్పరు. దగ్గరికి రానివ్వరు."

"పనిచేస్తే చెప్తాను."

"చేయకపోతే?"

అతను కాయిల్ విప్పుతూనే ఉన్నాడు.

"పోనీ, షాపుకైనా వెళ్ళొచ్చుగా?"

"వెళ్ళి ఏం చెయ్యను? నిన్న మూడో ఫ్యాన్ తిరిగొచ్చింది, మోత పోలేదని. ముందు పెట్టుకుని కూర్చుని విన్నాను. మోతా లేదు, గీతా లేదు. ముందు నీ చెవులు చూపించుకోవయ్యా అని తిట్టి పంపించాను."

"బాగుంది. ఉన్న ఆ నలుగుర్నీ కూడా తిట్టి తరిమేయండి" అంటూ ఆమె ఎడమచేత్తో తన కుడిచేతిని ఎత్తి, నడుము దగ్గర సర్దుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఏడాది క్రితం స్కూటర్ మీంచి పడి భుజంలో నరం తెగిన దగ్గర్నుంచీ ఆ చెయ్యి అలా వేలాడుతూనే ఉంది. తీగలు మీటిన చెయ్యి అదే.

నెల క్రితం ఓ మధ్యాహ్నం ఆమె కిటికీ దగ్గర కూర్చుని ఉండగా అతను చూశాడు. పని చెయ్యని ఆ కుడిచేతినే గిటార్ మెడలా ఒళ్ళో పెట్టుకుని, దాని మీద ఎడమచేతి వేళ్ళతో స్వరాలు నొక్కుకుంటోంది. మర్నాడే ఈ పనికి కూర్చున్నాడు.

అతని ఆలోచన సులువైనదే. తీగ వణికితే పుట్టే కరెంటుని చిన్న ఆంప్లిఫయర్‌తో పెంచి, అయస్కాంతం మీద చుట్టిన కాయిల్‌కి పంపాలి. ఆ కాయిల్ మళ్ళీ తీగనే కదిలించాలి. ఉయ్యాల వెనక్కొచ్చిన ప్రతిసారీ ఓ చిన్న తోపు తోసినట్టు. అప్పుడిక మీటే చేతితో పనే లేదు. ఎడమచేత్తో నొక్కి ఉంచినంతసేపూ స్వరం ఆగదు.

కానీ ఆగేది. ఎనిమిది కాయిల్సూ అంతే. ఆమెకి ఆశ పుట్టించి మళ్ళీ దాన్ని చంపడం ఇష్టంలేక, చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకునే పరీక్షించేవాడు. తీగ తట్టి, అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని లెక్కపెట్టేవాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అంతే, స్వరం చచ్చిపోయేది. విసుగ్గా స్విచ్ కట్టేసి, కాయిల్ ఊడబీకేవాడు.

తొమ్మిదోది వెంట్రుకంత సన్నటి రాగితీగతో చుట్టాడు. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని మైనంతో బిగించాడు. ఐదుకి పది నిమిషాలుండగా తీగ తట్టి కళ్ళు మూసుకున్నాడు.

ఒకటి, రెండు, మూడు, నాలుగు.

స్విచ్ కట్టేశాడు. ముప్పై ఏళ్ళుగా ఊరి ఫ్యాన్లన్నీ చుట్టిన చేతులు ఈ ఒక్క పనికి మాత్రం పనికిరాలేదు. ఏడుపు ముంచుకొచ్చింది.

"ఏమైంది?" భార్య మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. అంతా చెప్పేశాడు. "ఒంటిచేత్తో వాయిస్తావనుకున్నాను. నావల్ల కాలేదు. తీసుకెళ్ళమను."

ఆమె వచ్చి పక్కన కూర్చుంది. "ఒక్కసారి నన్ను విననివ్వండి."

"వినడానికేముంది? నాలుగు లెక్కపెట్టేలోపు చచ్చిపోతుంది."

"నా గిటారేగా. ఆ చావేదో నేనూ వింటాను."

హెడ్‌ఫోన్స్ ఆమె తలకి తగిలించి, గిటార్ ఒళ్ళో పెట్టి, స్విచ్ వేశాడు. ఆమె ఎడమచేతి వేలు తీగ మీద పడింది. అతను చూడలేక గోడవైపు తిరిగాడు. మనసులోనే నాలుగు లెక్కపెట్టాడు.

కాలింగ్ బెల్ మోగింది.

"మాస్టారొచ్చారు. ఇక తీసెయ్" అన్నాడు. ఆమె తియ్యలేదు. తిరిగి చూస్తే చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

"ఏడవకు. తప్పంతా నాదే."

"ఆగడం లేదండీ!" చెవులు మూసి ఉన్నాయేమో, అరిచినట్టే అంది. "వేలు జరిపినా పాడుతోంది, తీసినా పాడుతోంది! ఎందుకండీ నాతో అబద్ధం? నన్ను ఆటపట్టించడానికా?"

అతను గభాల్న గిటార్ వైపు వంగాడు. అయితే తొమ్మిదోది పట్టింది! కంగారులో తనే సరిగ్గా వినలేదన్నమాట.

గిటార్ బల్ల మీద పెట్టి, ఆమె హెడ్‌ఫోన్స్ తీసి అతని చెవులకి తగిలించింది. అతని చూపుడువేలు పట్టుకుని తీగ చివర, తేలిగ్గా ఆనించింది. "ఇక్కడ పట్టుకు చూడండి, ఎలా ఉందో!" అంటూ తలుపు దగ్గరికి పరిగెత్తింది.

"మాస్టారూ, గిటార్ ఇవ్వడం లేదు! ముందు లోపలికి రండి, మా ఆయన ఏం చేశారో విందురుగాని!"

ఏడాది తర్వాత ఆమె గొంతులో ఆ సంబరం. అతను నవ్వుకుంటూ కళ్ళు మూసుకున్నాడు. స్వరం నిండుగా, తియ్యగా మోగుతోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

చెవుల్లో స్వరం చచ్చిపోయింది. వేలి కింద తీగ మాత్రం వణుకుతూనే ఉంది, తనకి వినపడని ఆ ఫ్యాన్ల మోతలా.